జనరేటర్ ఇంజన్ తెచ్చి ట్రాలీలో బిగించొచ్చా? ఆర్సీ, బ్రేకు, బీమా.. ఓనర్లు ముందే తెలుసుకోవాల్సింది ఇదీ

శంషాబాద్ నుంచి ఎయిర్‌పోర్టు వైపు, ఆరాంఘర్ వైపు పొద్దున్నే బయల్దేరే చిన్న ట్రాలీలను చూస్తే వాటి వయసు పొగలోనే తెలిసిపోతుంది. నీళ్ల క్యాన్లు, కూరగాయలు, పార్శిళ్లు, టెంట్ హౌస్ సామాన్లు.. అన్నీ మోసేది అవే. టాటా ఏస్ మార్కెట్లోకి వచ్చింది 2005లో. మొదటి తరం బండ్లు ఎప్పుడో ముసలివైపోయాయి. ఇంజన్ బోరుకొచ్చి, ఆయిల్ తాగేస్తూ, లోడుతో ఫ్లైఓవర్ ఎక్కలేక ఆయాసపడే బండి మీ ఇంట్లోనో, మీకు సరుకు తెచ్చే మనిషి దగ్గరో ఉండే ఉంటుంది.

ఇలాంటప్పుడు షెడ్డులో వినిపించే సలహాల్లో ఒకటి జనరేటర్ ఇంజన్. సెల్ టవర్ దగ్గర నుంచో, మూతపడ్డ యూనిట్ నుంచో తుక్కుకు వచ్చిన చిన్న డీజిల్ ఇంజన్ చవగ్గా దొరుకుతుంది. గేర్‌బాక్సుకు ఒక ప్లేటు కోసి కలిపితే బండి నడుస్తుందంటారు. యూట్యూబ్‌లో ఇలాంటి వీడియోలకు కొదవ లేదు. కుబోటా, యన్మార్ లాంటి పారిశ్రామిక ఇంజన్లను చిన్న పికప్‌లలో బిగించి లీటరుకు ఎంత ఇస్తోందో చూపించే విదేశీ వీడియోలూ కనిపిస్తాయి. చూడ్డానికి బాగానే ఉంటాయి.

మీ బండికి మాత్రం అది కుదరదు. రోడ్డు మీద తిరిగే, ఆర్సీ ఉన్న గూడ్స్ వాహనంలో జనరేటర్ ఇంజనో పంపుసెట్టు ఇంజనో బిగించడానికి మన చట్టంలో దారి లేదు. అదే కంపెనీ, అదే రకం ఇంజన్ మార్చుకోవడానికి దారి ఉంది. సీఎన్‌జీకో, బ్యాటరీకో మారడానికీ ఉంది. ఈ రెంటికీ తేడా తెలియకే చాలామంది చేతిలో డబ్బు షెడ్డులో పోసి, ఆ తర్వాత ఫిట్‌నెస్ దగ్గర ఇరుక్కుంటారు.

52వ సెక్షన్ చెప్పేది

మోటారు వాహనాల చట్టం, 1988లో 52వ సెక్షన్ బండి మార్పుల గురించి. తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకూ, ఆర్సీలో ఉన్న వివరాలకూ తేడా వచ్చేలా ఏ యజమానీ తన బండిని మార్చకూడదన్నది దాని సారాంశం. ఇంజన్ నంబరు, ఎన్ని సీసీ, ఏ ఇంధనం, ఏ ఉద్గార ప్రమాణం.. ఇవన్నీ ఆర్సీలో నమోదై ఉంటాయి. జనరేటర్ ఇంజన్ బిగించిన రోజే ఇవి ఒక్కొక్కటిగా తప్పుతాయి.

అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీ, సౌరశక్తి లాంటి వేరే ఇంధనంతో నడిచేలా కన్వర్షన్ కిట్ బిగించుకోవచ్చు. అయితే ఆ కిట్ ఆమోదం పొందినదై ఉండాలి, నిర్దేశించిన షరతులు పాటించాలి. డీజిల్ తీసి ఇంకో డీజిల్ పెట్టడం ఈ మినహాయింపు కిందికి రాదు.

ఈ సెక్షన్‌లో ఇంకో ఉపనిబంధన ఉంది. కనీసం 10 రవాణా వాహనాలున్న యజమాని, రిజిస్టరింగ్ అధికారి అనుమతి లేకుండానే, అదే మేక్, అదే టైప్ ఇంజన్‌తో పాతదాన్ని మార్చుకునేలా రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా వీలు కల్పించవచ్చు. పది బండ్ల ఓనరుకు ఈ వెసులుబాటు ఇవ్వగల చట్టం, ఒక్క బండి మీద ఇల్లు నడిపే మనిషిని మాత్రం ముందు ఆఫీసుకు రమ్మంటోంది. పది బండ్ల వాడికి సొంత షెడ్డు, లెక్కాపత్రం ఉంటాయన్నది దీని వెనకున్న ఆలోచన కావచ్చు. పని ఆగితే ఎక్కువ నష్టపోయేది ఎవరన్నది మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు. కానీ ఆ పది బండ్ల ఓనరుకైనా 'అదే మేక్, అదే టైప్' అన్న గీత దాటే వీల్లేదు.

సుప్రీంకోర్టు 2019 జనవరిలో, కేరళ నుంచి వచ్చిన కె.జయచంద్ర కేసులో, ఈ సెక్షన్‌ను గట్టిగా చదివింది. తయారీదారు ఇచ్చిన ఒరిజినల్ స్పెసిఫికేషన్లకు విరుద్ధంగా వాహనాన్ని మార్చడానికి లేదని తేల్చింది. అదే ఏడాది చట్టానికి వచ్చిన సవరణలో 182ఏ సెక్షన్ చేరింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. 'ఒక్కో మార్పుకు' అన్న మాట గమనించండి. ఇంజన్‌తో పాటు డీజిల్ ట్యాంకు, సైలెన్సరు, ఛాసిస్ మీద బ్రాకెట్లు కూడా మార్చి ఉంటే, అదంతా ఒకే మార్పు అని వాదించాల్సిన బాధ్యత మీ మీదే పడుతుంది.

మార్పు చేశాక 14 రోజుల్లో చెబితే సరిపోతుందన్న మాట ఒకటి షెడ్లలో తిరుగుతోంది. ఆ 14 రోజుల గడువు చట్టంలో ఉన్నమాట నిజమే. అది మార్పును ఆర్సీలో ఎక్కించడానికి పెట్టిన గడువు. మొదటి ఉపసెక్షన్ వద్దన్న మార్పు, చెప్పినంత మాత్రాన సక్రమమైపోదు.

1500 దగ్గరే ఆగిపోయే ఇంజన్

కాగితాల గొడవ పక్కన పెడదాం. అసలు ఇంజన్‌గా అది పనికొస్తుందా?

జనరేటర్ ఇంజన్‌ను తయారు చేసేది ఒకే వేగంలో తిరగడానికి. మన కరెంటు 50 హెర్ట్జ్. నాలుగు పోల్స్ ఉన్న ఆల్టర్నేటర్ ఆ 50 ఇవ్వాలంటే నిమిషానికి కచ్చితంగా 1500 చుట్లు తిరగాలి. లోడు పెరిగినా తగ్గినా ఆ 1500ను పట్టి ఉంచడమే దాని గవర్నర్ పని. పొలాల్లో కనిపించే కిర్లోస్కర్ ఏవీ1 కూడా అంతే: ఒకే సిలిండర్, 553 సీసీ, 1500 చుట్ల దగ్గర 5 హార్స్‌పవర్. మొదటి టాటా ఏస్‌లో ఉన్నది రెండు సిలిండర్ల 702 సీసీ ఇంజన్. అది 16 హార్స్‌పవర్ ఇచ్చేది 3200 చుట్ల దగ్గర.

గేర్లు, టైర్లు అవే ఉంచి ఇంజన్ మాత్రం మారిస్తే లెక్క ఇలా తిరుగుతుంది. 3200 చుట్ల దగ్గర 60 కి.మీ. వేగం అందుకునే బండి, 1500 చుట్ల దగ్గర 28 కి.మీ.కి ఆగిపోతుంది. శంషాబాద్ మీదుగా వెళ్లే 44వ జాతీయ రహదారి మీద, వెనక బెంగళూరు బస్సు హారన్ కొడుతుంటే, 28. పక్కనే ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు మీద కార్లకు అనుమతించిన గరిష్ఠ వేగం 120.

గవర్నర్ స్ప్రింగు బిగిస్తే ఎక్కువ తిరుగుతుంది కదా అంటారు. తిరుగుతుంది. కానీ ఆ బరువైన ఫ్లైవీల్, కనెక్టింగ్ రాడ్లు, వాల్వ్ స్ప్రింగులు ఆ వేగం కోసం పోతపోసినవి కావు. ఏస్ లాంటి బండిలో ఇంజన్ ఉండేది ముందు సీట్ల కిందే. ఫ్లైవీల్ పగిలితే ఏమవుతుందో ఊహించుకోండి.

సెల్ టవర్ నుంచి దిగిన ఇంజన్ అయితే ఇంకో చిక్కు. 15 కేవీఏ జనరేటర్ అనుకుందాం. దాన్ని తిప్పే ఇంజన్ సుమారు 14 కిలోవాట్లు, అంటే 19 హార్స్‌పవర్ దాకా ఇవ్వాలి. ఏస్ కన్నా ఎక్కువే కదా అనిపిస్తుంది. మెకానిక్ కూడా ఈ అంకె చెప్పే ఒప్పిస్తాడు. అయితే ఆ శక్తి 1500 చుట్ల దగ్గర వస్తోంది కాబట్టి, మెలితిప్పే బలం, అంటే టార్క్, దాదాపు 89 న్యూటన్ మీటర్లు. ఏస్ ఇంజన్ తన గరిష్ఠ శక్తి దగ్గర ఇచ్చేది 35 చిల్లర. రెండున్నర రెట్ల మెలిక ఆ చిన్న క్లచ్ ప్లేటు మీద, గేర్‌బాక్సు మీద, ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద పడుతుంది. మొదటి నెల బండి ఏనుగులా లాగుతుంది, రెండో నెల గేర్‌బాక్సు దింపాల్సి వస్తుంది.

వీటన్నిటికన్నా ప్రమాదకరమైనది బ్రేకు. సర్వో ఉన్న డీజిల్ బండ్లలో బ్రేకు పెడల్‌కు సాయం చేసే వాక్యూమ్, ఇంజన్‌తో తిరిగే ఒక చిన్న పంపు నుంచి వస్తుంది. పెట్రోల్ ఇంజన్‌లో లాగా అది డీజిల్ ఇంజన్‌లో దానంతట అది పుట్టదు. జనరేటర్‌కు బ్రేకులుండవు కనుక దాని ఇంజన్‌కు ఆ పంపూ ఉండదు. ఇంజన్ మార్చి, పంపు సంగతి మర్చిపోతే పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. ఖాళీ బండిని కాలి బలంతో ఆపగలరేమో, నిండు లోడుతో దిగువకు వస్తున్నప్పుడు కష్టం.

ఇంకా ఉన్నాయి. జనరేటర్ ఫ్యాను సాధారణంగా గాలిని రేడియేటర్ వైపు తోస్తుంది, బండి ఫ్యాను రేడియేటర్ నుంచి లోపలికి లాగుతుంది. ఎదురుగాలితో పోట్లాడే ఫ్యానుతో ఇంజన్ వేడెక్కుతుంది. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 బండ్లలోనైతే ఈసీయూ, సెన్సర్లు, పొగ శుద్ధి చేసే వ్యవస్థ అన్నీ పాత ఇంజన్‌తో ముడిపడి ఉంటాయి. అక్కడ ఈ ఆలోచనే అనవసరం.

పొగ ప్రమాణాల్లోనూ రెండూ వేర్వేరు లోకాలు. జనరేటర్లకు కాలుష్య నియంత్రణ మండలి నిబంధనలు వర్తిస్తాయి. 2023 జులై నుంచి అమల్లోకి వచ్చిన సీపీసీబీ-4 ప్లస్ వాటిలో తాజాది. స్థిరమైన లోడు మీద, యూనిట్ శక్తికి ఎంత కాలుష్యం అని కొలుస్తారు. చిన్న వాహనాలకు ఆగుతూ సాగుతూ నడిపి, కిలోమీటరుకు ఎంత అని కొలుస్తారు. ఒకదాని సర్టిఫికెట్ రెండోదానికి పనికిరాదు. రోడ్డు పక్క పొల్యూషన్ వ్యాన్ ఇచ్చే కాగితం ఆ క్షణంలో పొగ ఎంతుందో మాత్రమే చెబుతుంది. ఇంజన్ సక్రమమైనదని అది ధ్రువీకరించదు.

మరి ఎయిర్‌పోర్టు లోపల తిరిగేవి?

విమానం కిటికీలోంచి చూసినవాళ్లకు ఈ సందేహం వచ్చే ఉంటుంది. లగేజీ ట్రాలీలను లాగే ట్రాక్టర్లు, బ్యాగులను పైకెక్కించే బెల్టు లోడర్లలో చాలావాటికి పారిశ్రామిక డీజిల్ ఇంజన్లే ఉంటాయి. వాటికి లేని అడ్డు మీ ట్రాలీకి ఎందుకు?

మోటారు వాహనం అంటే ఏమిటో చెప్పే చోటే చట్టం ఒక గీత గీసింది. ఫ్యాక్టరీలోనో, మరో మూసి ఉన్న ఆవరణలోనో మాత్రమే వాడేందుకు తయారైన ప్రత్యేక రకం వాహనం ఆ నిర్వచనంలోకి రాదు. ఎయిర్‌పోర్టు రన్‌వే వైపు తిరిగే వాహనాలకు వేరే పర్మిట్, వేరే తనిఖీ ఉంటాయి. ఆ ట్రాక్టర్‌ను మొదటి నుంచీ ఆ ఇంజన్‌తో, ఆ నెమ్మది వేగానికి, ఆ బ్రేకులతో డిజైన్ చేశారు. మధ్యలో గుండె మార్చలేదు.

ఈ 'మూసి ఉన్న ఆవరణ' మీద మన పక్క రాష్ట్రం నుంచే ఒక తీర్పు వచ్చింది. విశాఖ ఉక్కు కర్మాగారం డిస్పాచ్ యార్డులో 36 వాహనాలు నడిపిన తారాచంద్ లాజిస్టిక్ సొల్యూషన్స్ సంస్థ, రోడ్డు ఎక్కని బండ్లకు రోడ్డు పన్ను ఎందుకని అడిగింది. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ సంస్థ వైపు నిలిచింది. అక్కడ తేలింది పన్ను సంగతి. యార్డులో తిప్పుతున్నానంటూ ఆర్సీ ఉన్న ట్రాలీ ఇంజన్ మార్చేసి, సాయంత్రం అదే బండి మీద ఇంటికి వెళ్లడానికి ఆ తీర్పు పనికిరాదు.

ఉత్తరాదిలో పంపుసెట్టు ఇంజన్‌తో తయారయ్యే 'జుగాడ్' బండ్లదీ ఇదే కథ. రాజస్థాన్ ఆర్టీసీ కేసులో 2013 మేలో సుప్రీంకోర్టు, జుగాడ్ కూడా మోటారు వాహనమేనని, చట్టంలోని నిబంధనలన్నీ దానికి వర్తిస్తాయని చెప్పింది. చవకగా ఊరికి ఉపయోగపడుతోందన్న వాదన నిలబడలేదు. అమెరికాలో కూడా, వీడియోల్లో కనిపించేంత స్వేచ్ఛ కాగితం మీద లేదు. ధ్రువీకరించిన ఇంజన్ తీసి అలాంటి ధ్రువీకరణ లేనిది పెడితే అక్కడి పర్యావరణ సంస్థ దాన్ని ఉద్గార వ్యవస్థను చెడగొట్టడంగానే చూస్తుంది.

ప్రమాదం జరిగిన రోజు

ఇంజన్ మార్చిన ఓనరుకు చలానా పెద్ద భయం కాదు. ఐదు వేలు కట్టి బయటపడొచ్చనుకుంటాడు. అసలు దెబ్బ ప్రమాదం జరిగినప్పుడు తెలుస్తుంది.

బీమా పాలసీ మీ బండిని దాని ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరుతో గుర్తిస్తుంది. చెప్పకుండా ఇంజన్ మారిస్తే సొంత బండి నష్టపరిహారాన్ని కంపెనీ తిరస్కరించడానికి మీరే కారణం చేతికిచ్చినట్టు. ఎదుటి మనిషికి దెబ్బ తగిలిన కేసుల్లో, షరతులు ఉల్లంఘించారని తేలితే, బాధితుడికి ముందు బీమా కంపెనీ చేత కట్టించి, ఆ సొమ్మును యజమాని నుంచి రాబట్టుకోమని ట్రిబ్యునళ్లు ఆదేశించే సందర్భాలున్నాయి. ఆ మొత్తం లక్షల్లో ఉండొచ్చు. ట్రాలీ అమ్మినా తీరదు. బ్రేకు వాక్యూమ్ పంపు లేని బండి అని తనిఖీలో తేలితే, డ్రైవర్ మీద క్రిమినల్ కేసు కూడా బరువెక్కుతుంది. ఆ డ్రైవర్ చాలాసార్లు ఓనరు తమ్ముడో బావమరిదో అయి ఉంటాడు.

తుక్కు ఇంజన్‌కు బిల్లు లేకపోతే మరో ఇబ్బంది. అది దొంగిలించినదని తేలితే, తెలిసి కొన్నారా లేదా అన్న ప్రశ్న వస్తుంది. భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ దొంగ సొత్తు గురించినదే.

బోరుకొచ్చిన బండికి దారేది?

ముందుగా ఇంజన్ పని. బోరు కొట్టించడం, స్లీవులు, పిస్టన్లు, రింగులు, హెడ్ మార్చడం.. వీటికి ఆర్టీఏ అనుమతితో పని లేదు. నంబరు ఉండే బ్లాకు మారనంత వరకు ఆర్సీ చెక్కుచెదరదు. పాత బండికి చాలా సందర్భాల్లో తక్కువ ఖర్చుతో తేలేదీ ఇదే. జనరేటర్ ఇంజన్‌కు ప్లేటు, మౌంటింగులు, వైరింగు కలిపి అయ్యే ఖర్చు మొత్తం వేసుకుని అప్పుడు పోల్చండి. షెడ్డులో చెప్పే మొదటి ధరలో ఇవి ఉండవు.

బ్లాకే పోతే, అదే మోడల్ ఇంజన్ కోసం చూడాలి. టాటా మోటార్స్ 'ప్రోలైఫ్' పేరుతో రీకండిషన్ చేసిన ఇంజన్లు, భాగాలను పాతవాటికి మార్పిడిగా ఇస్తోంది. సెకండ్ హ్యాండ్ అయితే ఏ బండి నుంచి తీశారో దాని ఆర్సీ నకలు, అమ్మిన బిల్లు తప్పకుండా తీసుకోండి. వాహన తుక్కు కేంద్రాల కోసం 2021లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. అలా రిజిస్టర్ అయిన కేంద్రం నుంచి కొంటే కాగితాల విషయంలో నిశ్చింత.

కొనేముందే ఆర్టీఏలో అడగండి. స్లాట్ బుక్ చేసుకుని, ఆర్సీ, బీమా, ఫిట్‌నెస్, పొల్యూషన్ కాగితాలు, ఇంజన్ బిల్లుతో వెళ్తే, మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్, అదే మనం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనే ఆయన, బండిని చూసి నంబరు సరిపోల్చుతారు. ఫైనాన్స్ ఉంటే వాళ్ల రాతపూర్వక అంగీకారం కావాలి. ఈఎంఐ ఒక్కటే మిగిలి ఉన్నా సరే. కొత్త నంబరు ఆర్సీలో ఎక్కాక బీమా కంపెనీకి రాసి, పాలసీలో కూడా మార్పించుకోండి. చాలామంది ఈ చివరి మెట్టు దగ్గర ఆగిపోతారు, బీమా దెబ్బతినేదీ అక్కడే. ఏ మార్పుకు ఏ కాగితాలు, ఎంత ఫీజు, ఎన్ని రోజులు అన్నది తెలుగులో ఒక్క పేజీగా ప్రతి ఆఫీసు గోడ మీదా అంటిస్తే, సగం మంది ఏజెంటు దగ్గరకు వెళ్లరు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు.

ఇంధనమే మార్చాలనుకుంటే, 2022 ఆగస్టులో కేంద్ర రవాణా శాఖ 3.5 టన్నుల లోపు బీఎస్-6 వాహనాల్లో పెట్రోల్ బండ్లకు సీఎన్‌జీ, ఎల్‌పీజీ కిట్లు బిగించడానికి, డీజిల్ ఇంజన్ తీసి సీఎన్‌జీ లేదా ఎల్‌పీజీ ఇంజన్ పెట్టడానికి నిబంధనలు నోటిఫై చేసింది. చిన్న గూడ్స్ బండ్లు ఈ బరువులోకే వస్తాయి. కిట్ అమ్మేవారిని 'ఆమోదం ఉందా' అని అడిగితే ఉందనే చెబుతారు. ఆ టైప్ అప్రూవల్ సర్టిఫికెట్ మీ మోడల్‌కు వర్తిస్తుందా అని కాగితం మీద చూడండి. సీఎన్‌జీ సిలిండర్‌కు మూడేళ్లకోసారి ఒత్తిడి పరీక్ష చేయించాలన్నదీ ఖర్చులో కలుపుకోండి.

బండి బాడీ కూడా తుప్పు పట్టి, ఎనిమిదేళ్లు దాటి ఏటా ఫిట్‌నెస్‌కు వెళ్లాల్సిన దశలో ఉంటే, కొత్త ఇంజన్ మీద పెట్టే డబ్బు గురించి ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరు నుంచి 2026 డిసెంబరు 31 వరకు కొత్త ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయించింది. చిన్న గూడ్స్ క్యారియర్లూ ఇందులో ఉన్నాయి. రోజుకు శంషాబాద్, రాజేంద్రనగర్, అత్తాపూర్ మధ్యే తిరిగి రాత్రి ఇంటికొచ్చే బండికి ఆ లెక్క కుదరొచ్చు. కర్నూలు దాకా లోడు పట్టే బండికి ఛార్జింగ్ సంగతి తేల్చుకున్నాకే.

పాత ట్రాలీ కొనబోతున్నవాళ్లకు ఒక మాట. బేరం మాట్లాడే ముందు టార్చి వేసి ఇంజన్ బ్లాకు మీద కొట్టిన నంబరు చదవండి, ఆర్సీతో అక్షరం అక్షరం పోల్చండి. గ్రీజు కింద నంబరు కనిపించకపోతే తుడిపించండి. అక్కడ గ్రైండింగ్ గుర్తులున్నా, నంబరు ఆర్సీతో కలవకపోయినా, ధర ఎంత తక్కువ చెప్పినా అడ్వాన్స్ ఇవ్వకండి. ఆర్సీ మీ పేరు మీదికి మారాక, ఆ ఇంజన్‌ను బిగించింది ఎవరైనా, తనిఖీలో జవాబు చెప్పాల్సింది మీరే.